మూగ బొమ్మలో ఆకుపచ్చ చీర

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తింటుంటే ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పంపినవాడు సందీప్. నేను ఉద్యోగ పరీక్షలకు చదువుతూ చిక్కడపల్లిలో కిరాయికి ఉన్న రోజుల్లో, మా ఇంటి ఓనరమ్మ మాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చిన కుర్రాడు. ఇప్పుడు కుర్రాడు కాదు లెండి, నేనూ కాదు. దొరకకుండా పోయిన పాత మూకీ సినిమాల గురించి అతనూ స్నేహితులూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఇప్పటికీ నడుపుతున్నారట, అందులో పెట్టిన ఫొటో అట ఇది. గుండ్రటి ముఖం, బొద్దు చేతులు, నుదుటి మీదికి వంకీలు తిప్పిన జుట్టు, పడవ అంచు పట్టుకొని ఎటో పైకి చూస్తున్న ఒక ఆడమనిషి. కింద చిన్న వివరం: రంగస్థల నాటకం ఆధారంగా తీసిన ప్రేమకథ, ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. ఫొటో చూడగానే నా నోట వచ్చిన మాట "ఈమె కాదు" అని. పక్క సీటామె "ఎవరు కాదు?" అని అడిగింది. నేను పెరుగన్నం కలుపుకున్నాను. ఆ సినిమా నేను చూడలేదు. చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా ఆమె కాదని నాకెలా తెలుసో చెప్పాలంటే అనసూయమ్మ టీచరు దగ్గర మొదలుపెట్టాలి.

జనగామ అవతల మా ఊరు. డిగ్రీ అయిపోగానే మా నాన్న నన్ను అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో దింపి, "కొలువు కొట్టినాకనే రా" అని నవ్వుతూ చెప్పి బస్సెక్కాడు. ఆ హాస్టల్లో మంచాల మధ్య నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. పప్పులో పప్పు వెతుక్కోవాలి. కొన్నాళ్లకే నేను అక్కణ్ణించి పారిపోయి చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో, అనసూయమ్మ గారి మేడ మీది రేకుల గదికి మారాను. ఎండాకాలం ఆ గదిలో పుస్తకం తెరిస్తే చెమట చుక్కలు పేజీల మీద పడేవి. అయినా అది నా గది. కిందికి దిగితే సందు చివర జిరాక్సు షాపులు, వాటి ముందు వేడి కాగితం వాసన, చాయ్ బండి దగ్గర అల్లం దంచిన వాసన. నారాయణగూడ వైపు నడిస్తే మార్కెట్లో కొత్తిమీర, మేకమాంసం, మల్లెపూలు ఒకేసారి ముక్కులోకి వచ్చేవి.

ఆ ఏళ్లలో నాకు ఏదీ తిన్నగా అర్థమయ్యేది కాదు. నోటిఫికేషన్ వస్తుందనేవాళ్లు, రాదనేవాళ్లు. వచ్చిన పరీక్ష వాయిదా పడేది. ఒకరోజు బందు, ఒకరోజు ర్యాలీ, ఒకరోజు లైబ్రరీ గేటుకు తాళం. మేం కూడా పుస్తకాలు సంచిలో పెట్టి ర్యాలీకి పోయి, తిరిగొచ్చి చదువుకునేవాళ్లం. రాష్ట్రం ఒకటిగా ఉంటుందో రెండవుతుందో తెలియక, ఏ చరిత్ర బట్టీ పట్టాలో తెలియక తలలు పట్టుకునేవాళ్లం. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ "ఇంకెన్ని రోజులు బిడ్డా?" అనేది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అప్పటి నన్ను ఇప్పుడు తల్చుకుంటే జాలి వేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది.

అంత గందరగోళంలో గడియారంలా నడిచే మనిషి అనసూయమ్మ ఒక్కతే. నారాయణగూడలో ఒక బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఎనభై దాటినా పొద్దున్నే రాగి బాయిలర్ కింద బొగ్గులు రాజేసి వేణ్ణీళ్లు పోసుకొని, నుదుట విభూతి, నాఫ్తలిన్ వాసన వేసే ఇస్త్రీ చీర. జొన్నరొట్టె ఆమె కొడుతుంటే ఆ చప్పుడు మేడ మీదికి వినిపించేది, అదే నాకు నిద్రలేపే అలారం. మొదటిరోజు నేను "అవ్వా" అని పిలిస్తే కళ్లద్దాల పైనుంచి చూసింది. "అవ్వ అంటే ఎవరో ముసల్దాన్ని పిలుస్తున్నట్టు ఉంటది. టీచరమ్మ అను," అంది. ఆమెకు తన జ్ఞాపకశక్తి అంటే గర్వం. బడిలో తన దగ్గర చదివిన పిల్ల ఎవరైనా మార్కెట్లో ఎదురుపడితే ఇంటిపేరుతో సహా పిలిచి, పక్కన కూర్చున్న పిల్ల పేరు కూడా చెప్పేది. నేను కరెంట్ అఫైర్స్ అప్పజెప్తుంటే నా తప్పులు ఆమె పట్టేది.

సాయంత్రం ఆమె టీవీ చూసే పద్ధతి మొదట నన్ను హడలగొట్టింది. సీరియల్ పెడుతుంది, గొంతు పూర్తిగా తీసేస్తుంది. తెర మీద అత్తాకోడళ్ల పెదాలు కదులుతుంటే, వాళ్ల మాటలన్నీ ఈమె చెప్తుంది. అత్త గొంతు వేరు, కోడలి గొంతు వేరు, మధ్యలో కొడుకు వస్తే నసుగుడు గొంతు. అసలు సీరియల్లో ఏం మాట్లాడుకుంటున్నారో మాకు ఏనాడూ తెలియదు. కానీ ఆమె చెప్పే కథే బాగుండేది. ఒక్కోసారి కోడలి చేత అత్తను ఎడాపెడా తిట్టించేది, నేను మెట్ల మీద కూర్చొని పడీపడీ నవ్వేదాన్ని. "ఎక్కడ నేర్చుకున్నవు టీచరమ్మా?" అని అడిగితే, "మా నాయిన పనే గిది," అంది.

వాళ్ల నాయిన తంబు, అంటే డేరా, వేసి మూగ బొమ్మలు ఆడించేవాడట, ఆ మూకీ సినిమాలే. ఎడ్లబండి మీద మిషను, బట్ట తెర, రీళ్ల డబ్బాలు వేసుకొని జాతర ఎక్కడుంటే అక్కడికి. బొమ్మకు మాట లేదు కదా, ఆయన తెర పక్కన కట్టె పట్టుకొని నిలబడి అందరి మాటలూ తానే చెప్పేవాడు. తెర కింద వాళ్ల అమ్మ హార్మోనియం వాయించేది. ఆయన దగ్గర ఉన్న బొమ్మల్లో జనం మళ్లీ మళ్లీ అడిగింది ఒక్కటే, పడవ బొమ్మ. దాని అసలు పేరు అనసూయమ్మకు గుర్తులేదు. ఎవరో బొంబాయిలో, అప్పటికే ఊరూరా ఆడిన నాటకాన్ని బొమ్మగా తీశారట. పెద్దింటి కొడుకు, పడవ నడిపేవాడి కూతురు. ఆమెను నది అవతలికి పంపేస్తారు. అతను ఒడ్డున ఎదురుచూస్తూ ఉంటాడు. ఆఖరికి ఆమె తిరిగి వస్తుంది. "గా వచ్చే సీను చూసినంక జాతరల ఆడోళ్లంత కొంగుతోని కండ్లు తుడుసుకునేటోళ్లు," అని చెప్పేటప్పుడు అనసూయమ్మ కూడా తుడుచుకునేది.

జాతరలో గత్తర, అదే కలరా, సోకి వాళ్ల అమ్మ పోయింది. అనసూయమ్మ అప్పటికి బడికి కూడా వెళ్లని పిల్ల, తమ్ముడు విఠల్ చంటివాడు. ఇద్దర్నీ చిక్కడపల్లిలో ఈ ఇంట్లో, అమ్మమ్మ దగ్గర వదిలి తండ్రి మళ్లీ బండి కట్టుకొని వెళ్లిపోయాడు. తమ్ముడు కొంచెం ఎదిగాక వాణ్ణి వెంట తీసుకెళ్లాడు కానీ, ఆడపిల్లను మాత్రం బడిలో వేశాడు. మళ్లీ ఆమె ఆ తంబు ముఖం చూడలేదు. పెత్రమాస నాడు, పోయిన పెద్దల్ని తల్చుకునే ఆ అమావాస్యకు, అనసూయమ్మ తండ్రి ఫొటోకి దండ వేసి, పక్కన ఒక తమలపాకు మీద కుంకుమ పెట్టేది. అది వాళ్ల అమ్మ. ఫొటో ఒక్కటీ లేదు. "అందరి మొఖాలు యాదికుంటయి నాకు. మా అమ్మ మొఖమే యాదికి లేదు బిడ్డా. గదేం పాపమో," అని ఏడ్చేది. ఆ రోజు మాత్రం నేను పుస్తకం తెరిచేదాన్ని కాదు.

సందీప్ వచ్చింది ఇదంతా నాకు తెలిశాకే. బషీర్‌బాగ్‌లో ఎవరో చెప్తే విని వచ్చాడు. చేతిలో రికార్డరు, భుజాన సంచి, చాలా మర్యాద. టీచరమ్మ ఉత్సాహం చూడాలి. పట్టుచీర కట్టుకుంది, నన్ను పంపి బిస్కెట్లు తెప్పించింది. పడవ బొమ్మ కథంతా మాటలతో సహా, గొంతులు మార్చి చెప్పింది. సందీప్ నోరు తెరిచి విన్నాడు. నాటకం కాగితాలు కూడా ఎక్కడా దొరకలేదని, ఈ మాటలే మిగిలాయని, తన పేజీలో ఆమె పేరుతో పెడతానని చెప్పాడు. ఆఖరి సీను దగ్గర అడిగాడు, "హీరోయిన్ ఎలా ఉండేదో గుర్తుందా అండీ?"

"ఎందుకు లేదు? సన్నటి మొఖం. గడ్డం కింద పుట్టుమచ్చ. పైవరుసల ఒక పన్ను జర ముందటికి ఉండె, నవ్వితే కనిపించేది. కుచ్చెళ్లు ఎడమ చేత్తోని జరంత ఎత్తిపట్టుకొని, పడవలకెల్లి నీళ్లలకు దిగినట్టు మెల్లగ నడుసుకుంట వచ్చె. ఆకుపచ్చ చీర."

సందీప్ రాసుకుంటున్న చెయ్యి ఆగింది. సంచిలోంచి ఒక ఫొటో తీశాడు, మొన్న నాకు పంపినదే. పాత పత్రికలో దొరికిందట. "ఆ సినిమా హీరోయిన్ ఈవిడండీ."

ఆమె కళ్లద్దాలు తుడుచుకొని చూసింది. "ఈమె కాదు."

"ఈవిడేనండీ, కింద పేరు కూడా ఉంది. పైగా అది నలుపు తెలుపు సినిమా కదా అమ్మమ్మగారూ, ఆకుపచ్చ అని ఎలా తెలిసింది?"

అనసూయమ్మ నావైపు చూసింది, నేను నేలవైపు చూశాను. "గదే తెలుస్తలేదు," అంది చివరికి. "మిగతదంత బూడిద లెక్కనే యాదికున్నది. ఆఖరుది మాత్రం ఆకుపచ్చగ కనిపిస్తది." సందీప్ రికార్డరు ఆపి, చాయ్ తాగి, మళ్లీ వస్తానన్నాడు. గేటు దగ్గర నాతో మెల్లగా, "పెద్దావిడ కదా, ఏవేవో కలిసిపోయి ఉంటాయి. మిగతా మాటలు కూడా ఎంతవరకు నమ్మాలో, పెట్టాలో వద్దో ఆలోచించాలి," అన్నాడు. అతని తప్పేమీ లేదు. కానీ ఆమె తలుపు వెనకే ఉంది. విన్నది.

ఆ సాయంత్రం అనసూయమ్మ టీవీకి గొంతు పెట్టింది. కోడలు కోడలి గొంతుతోనే మాట్లాడింది, ఈమె గోడకు ఆనుకొని ఊరికే చూసింది. మర్నాడూ అంతే. రొట్టె మాడింది. మార్కెట్లో ఒకామె నమస్తే పెడితే పేరు పెట్టి పిలవలేదు. తప్పు చెప్తానేమోనని భయం. "నా మతి పోతున్నదా బిడ్డా? నా దగ్గర ఉన్నదే గది ఒక్కటి," అని అడిగింది. నాకేం తెలుసు? ఆకుపచ్చ చీర నాకూ అర్థం కాలేదు. పరీక్షలో అయితే తెలియని ప్రశ్న వదిలేసి ముందుకు పోవచ్చు. దీన్ని వదిలేస్తే ఆమె ముఖం చూడలేకపోతున్నాను. ఆ బొమ్మ చూసినవాడు ఇంకొకడున్నాడు, తమ్ముడు విఠల్‌రావు. అంబర్‌పేట్‌లో ఉంటాడు, ఒకసారి టీచరమ్మతో వెళ్లాను. చెవులు సరిగా వినిపించవు, ఫోన్లో మనం ఒకటి చెప్తే ఆయన ఇంకొకటి వింటాడు. అందుకని ఆమెకు చెప్పకుండా ఆదివారం పొద్దున నేనే బస్సెక్కాను.

తలుపు తీసిన పెద్దాయన నన్ను గుర్తుపట్టి నవ్వాడు. పైవరుసలో ఒక పన్ను కొంచెం ముందుకు ఉంది. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది, ఎక్కడో మాత్రం అప్పటికింకా తట్టలేదు. చాయ్ తాగుతూ ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి సంగతంతా చెప్పాను, బొద్దుగా ఉన్న ఫొటో ఆమె గురించి, ఆకుపచ్చ చీర గురించి. ఆయన గ్లాసులో చాయ్ సాసర్‌లోకి ఒంపుకున్నాడు.

"పడవ బొమ్మకు ఆఖరు రీలు యాడున్నది?" అన్నాడు. "నేను పుట్టకముందే మిషన్ల కాలిపోయింది. నాయిన చెప్పిండు. గప్పట్ల రీళ్లు గట్లనే భగ్గున అంటుకునేటియి. రీలు లేదని బొమ్మ ఆపితే జనం ఊకుంటరా, తంబు పీకేస్తరు. అందుకని ఉత్త మిషన్ దీపం తెర మీద పడుతుంటే నాయిన కథ చెప్పేటోడు. గామె వస్తున్నది, అగో వస్తున్నది అని చెప్పంగనే, మా అమ్మ హార్మోనియం పెట్టె కాడికెల్లి లేచి, గా వెలుతుర్ల ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. గంతే. జనం ఈలలు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "మరి టీచరమ్మకు..."

"అక్కకు తెల్వదా? ఆమె ముందర్నే కూసుండె గద?" అని ఆయనే ఆగిపోయాడు. చిన్నపిల్ల. చీకట్లో కూర్చున్న పిల్ల. అప్పటిదాకా తెర మీద బూడిదరంగు మనుషులు, తర్వాత తెల్లటి వెలుగులో ఒకామె. ఎవరు బొమ్మో ఎవరు మనిషో ఆ వయసులో ఎవరు విడదీసి చూస్తారు? ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి నాతో కాదు, గోడతో. "నేను నాయిన ఎంబడి తిరిగినప్పుడు పడవ బొమ్మల ఆమె వాపస్ రాకపోయేది. ఒడ్డు మీద పిలగాడు ఒక్కడే కూసుండేటోడు అని చెప్పి నాయిన దీపం ఆర్పేటోడు. కథే గంత అనుకున్న నేను. నడిచేటామె లేదు గద, ఇంగ రాలేదనే చెప్పాలె." తర్వాత చెప్పులు వేసుకొని, "నడువు బిడ్డా, అక్క దగ్గరికి పోదాం," అన్నాడు. చాలా రోజులైందట ఆయన గడప దాటి.

ఇప్పుడు నా ఫోన్ నిండా మా అమ్మ ఫొటోలే. బతుకమ్మ దగ్గర, బర్రె దగ్గర, ఆసుపత్రిలో, నా ఉద్యోగం మొదటి రోజు. కొన్ని ఒకేలాంటివి, తీసెయ్యడానికి బద్ధకం. ఈమధ్య ఊరికి పోయినప్పుడు మాత్రం ఫోన్ లోపల పెట్టి అరుగు మీద కూర్చొని, ఆమె బోరింగ్ దగ్గరి నుంచి ఇంట్లోకి నీళ్ల బిందెతో నడిచి వస్తుంటే చూశాను. కుడికాలు కొంచెం బయటికి వేస్తుంది. ఎన్నడూ గమనించలేదు. "ఏంది గట్ల చూస్తున్నవు?" అంది. ఊరికే అన్నాను. చిక్కడపల్లి ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ హాస్టలే కట్టారు, కిటికీల నిండా తువ్వాళ్లు. ఆ దారిన పోయినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల ఫోన్లో "ఇంకెన్ని రోజులో నాకేం తెల్సు అమ్మా" అంటూ కనిపిస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం ఆటో దిగేసరికి అనసూయమ్మ టీవీ ముందే ఉంది, గొంతు పెట్టుకొని. విఠల్‌రావు గారు పోయి ముందు ఆ గొంతు తీసేశాడు, ఆయనకు అది ఎలాగూ వినిపించదు. తర్వాత ఆమె పక్కన కూర్చొని, నాకు చెప్పిందంతా చెప్పాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. నేనేదో వేళాకోళం చేయిస్తున్నానన్నట్టు నన్ను చూసింది.

"నువ్వు చూసినవా?" అని తమ్ముణ్ణి గద్దించింది.

"నేనేడ చూస్తక్కా. నాకు అమ్మనే తెల్వదు. నాయిన చెప్పిండు."

"పుట్టుమచ్చ?"

"గడ్డం కింద. గదీ నాయినే చెప్పిండు."

ఆమె తన గడ్డం తడుముకుంది, అక్కడేమైనా ఉందేమోనన్నట్టు. మళ్లీ టీవీ తెర వైపు తిరిగింది. తెర మీద కోడలి పెదాలు కదులుతున్నాయి, ఎవరూ మాట ఇవ్వడం లేదు. "యాదికి లేదు యాదికి లేదని ఇన్నేండ్లు ఏడిస్తి గదరా," అంది చివరికి. "ఉన్నది గద. మొత్తం ఉన్నది. నవ్వుతోని సహా ఉన్నది." ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు. నాకు మాత్రం కళ్లు మండాయి, సిగ్గుపడకుండా చున్నీతో తుడుచుకున్నాను.

విఠల్‌రావు గారు చిన్నపిల్లాడిలా అడిగాడు, "ఎట్ల నడిచేదక్కా?"

మోకాళ్ల నొప్పులని మేడ మెట్లు కూడా ఎక్కని మనిషి, కుర్చీ చేతులు పట్టుకొని లేచింది. కుచ్చెళ్లు ఎడమ చేత్తో కొంచెం ఎత్తి పట్టుకుంది. ఎండకు కిటికీలు మూసిన ఆ గదిలో, టీవీ వెలుతురులో ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దాకా, పడవలోంచి నీళ్లలోకి దిగి వచ్చినట్టు, అడుగు చూసుకుంటూ నడిచింది. ఆ కొసన ఆగి, తమ్ముడి వైపు తిరిగి నవ్వింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

"మల్లొక్కసారి నడువక్కా," అన్నాడు.

ఆమె ముందుకు వంగి కుచ్చెళ్లు సర్దుకుని, మళ్లీ మొదటి గోడ దగ్గరికి పోయి నిలబడింది.